మగ్గం పని ఆమెది, ఖాతా ఎవరిది?

(మైనారిటీ మహిళల స్వయం ఉపాధిపై గుంటూరులో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సామాజిక మాధ్యమాల సాయంతో చిన్న వ్యాపారాన్ని వృద్ధి చేసుకోవడం ఎలా అన్న విషయం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. దీనికి ఇంతకంటే చిన్న వయసువారు దొరకలేదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఫోను వాడకంలో మీ పిల్లలు నాకంటే ఎంతో నేర్పరులు. అయితే ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు మోసిన గుమాస్తాకు ఒక సంగతి మాత్రం బాగా తెలుస్తుంది. అనుభవించేవారు ఎవరైనా, కాగితం మీద ఎవరి పేరుంటే ఆస్తి వారి చేతికే పోతుంది. ఫోనులోని వ్యాపారం కూడా అటువంటి ఆస్తే. ఈ రోజు నేను ప్రధానంగా చెప్పదలచింది దీని గురించే.

ఇక్కడ కూర్చున్న సోదరీమణుల్లో ఎక్కువమంది మగ్గం పని చేసేవారే కనుక దానినే ఉదాహరణగా తీసుకుంటాను. పచ్చళ్ళు పెట్టేవారు, బుర్ఖాలు కుట్టేవారు, అత్తరు అమ్మేవారు తమ పనికి అన్వయించుకోవచ్చు. పెళ్ళికూతురి జాకెట్టు చేతుల మీద, వీపు మీద కనిపించే జరీ, పూసలు, కుందన్లు అన్నీ ఎక్కడో ఒక ఇరుకు గదిలో, చెక్క చట్రానికి బిగించి కట్టిన గుడ్డ మీద, ఆరి సూదితో ఒక్కొక్క కుట్టుగా పుట్టినవే. ఆ గదిలో కూర్చున్నది మన అమ్మాయి. పెళ్ళికూతురికి మాత్రం ఆమె ఎవరో తెలియదు. ఆమెకు తెలిసింది బజారులోని బొటిక్ పేరు ఒక్కటే. ఆ బొటిక్ వారు జాకెట్టు ఫొటో తీసి, దాని మీద తమ పేరు ముద్రించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. దాన్ని చూసి మరో పదిమంది వస్తారు. పని పెరుగుతుంది, పేరు పెరుగుతుంది. సూది పట్టిన చేతికి వచ్చేది మాత్రం జాకెట్టుకు ఇంత అన్న పాత లెక్కే.

2006లో సచార్ కమిటీ తన నివేదికలో ముస్లిం మహిళా శ్రామికుల్లో 73 శాతం స్వయం ఉపాధి మీద ఆధారపడి ఉన్నారని పేర్కొన్నది. హిందూ మహిళా శ్రామికుల్లో ఇది 60 శాతం. వినడానికి స్వయం ఉపాధి గౌరవప్రదమైన మాటే. కాని ముడిసరుకు మరొకరిది, ధర మరొకరు నిర్ణయించేది, కొనుగోలుదారు ఎవరో తెలియనిది అయినప్పుడు అందులో ‘స్వయం’ అనేది ఎంత? నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి మారియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త 1982లో ఒక గ్రంథం వెలువరించారు. రోజంతా లేసు అల్లే ఆ స్త్రీలను ఎగుమతిదారులు శ్రామికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకొనే గృహిణులుగా లెక్కవేశారని ఆమె చూపించారు. ఆ స్త్రీలు మన మతస్థులు కారు, వారి పని వేరు. అయినా ఈ లెక్క మన ఇళ్ళలో ఈనాటికీ నడుస్తున్నది. “మా ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చోకుండా ఏదో కుడుతుందండీ” అనే సోదరులు ఈ సభలోనూ ఉన్నారు. వారు నన్ను మన్నించాలి.

ఫోను తెచ్చిన మార్పు ఏమిటంటే, మొట్టమొదటిసారిగా ఆ పెళ్ళికూతురికీ ఈ సూదికీ మధ్య నేరుగా మాట సాధ్యమైంది. వాట్సాప్ బిజినెస్ అనే యాప్ మన దేశంలోకి 2018లో వచ్చింది. దానికి రుసుము లేదు. అందులో దుకాణం పేరు, పనివేళలు, వస్తువుల పట్టిక ధరలతో సహా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పని చేస్తున్న చేతుల చిన్న వీడియో పెట్టవచ్చు. గూగుల్ పటంలో దుకాణం నమోదు చేసుకోవచ్చు. ఇంటి నుండి పని చేసేవారు తమ చిరునామా కనిపించకుండా, ఏ ప్రాంతానికి సేవ అందిస్తారో మాత్రమే చూపే వీలు కూడా అందులో ఉంది. వీటిలో ఏదీ తెరవడం కష్టం కాదు. తెరిచిన తరువాత అది ఎవరిదన్నదే ప్రశ్న.

నేను చూసిన ఇళ్ళలో సాధారణంగా జరిగేది చెబుతాను. పని కోడలిది. ఫోను మరిదిది. సిమ్ము మామగారి ఆధార్ మీద ఉంది. ఇన్‌స్టాగ్రామ్ తెరిచింది పక్కింటి డిగ్రీ కుర్రవాడు, రహస్య సంకేతం అతనికే గుర్తుంది. డబ్బు వచ్చేది భర్త బ్యాంకు ఖాతాలోకి. అందరూ మంచివారే. కాని మరిదికి హైదరాబాదులో ఉద్యోగం వస్తే ఫోను అతనితో వెళ్ళిపోతుంది. రీచార్జి ఆగిపోతే కొంతకాలానికి ఆ నంబరు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి కేటాయింపబడుతుంది. మూడేళ్ళ శ్రమతో సంపాదించిన ఐదు వందల మంది కొనుగోలుదారులు ఒక్క పూటలో మాయమవుతారు. ఇక ఇంట్లో కలతలు వస్తే ఏమవుతుందో నేను చెప్పనవసరం లేదు. విడాకులు, వైధవ్యం వంటి మాటలు సభలో ఎత్తడం అశుభమని పెద్దలు కోప్పడవచ్చు గాని, వితంతు పింఛను దరఖాస్తులు ఎన్నో చూసినవాణ్ణి నేను. ఆ రోజున ఆమెకు మిగిలేది తన పేరున ఉన్నదే.

కనుక నా మొదటి విజ్ఞప్తి ఇది. వ్యాపారానికి వేరే సిమ్ము, ఆమె ఆధార్ మీదనే తీసుకోండి. బ్యాంకు ఖాతా ఆమె పేరున, యూపీఐ దానికే అనుసంధానం. ఖాతా తెరవడానికి పిల్లవాడు సాయం చేస్తే చేయనివ్వండి, సంకేత పదం మాత్రం ఆమె స్వయంగా పెట్టుకొని, ఇంట్లో భద్రమైన చోట రాసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ అనే ఏర్పాటు ఉంది, అది ఈ రోజే చేసుకోండి. సోదరులారా, దీన్ని మీ మీద అపనమ్మకంగా భావించవద్దు. హజ్రత్ ఖదీజా (ర.అ.) తన వ్యాపారాన్ని తన పేరునే నడిపించారన్నది మనందరికీ తెలిసినదే.

రెండో విషయం, ఫోను మీద ఎంత ఆధారపడవచ్చన్నది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. దానిలో ప్రేక్షకులను కూడబెట్టుకున్న చిన్న వ్యాపారులకు వారంతా ఒక్క ఆజ్ఞతో దూరమయ్యారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ సుమారు ఆరు గంటల పాటు ప్రపంచమంతటా నిలిచిపోయాయి. అవి పరాయివారి స్థలంలో మనం పరిచిన దుప్పటి వంటివి, స్థలం వారిది. అందుచేత ఒక నోటు పుస్తకం పెట్టండి. గుమాస్తా బుద్ధి పోలేదని నవ్వుకోండి, ఫరవాలేదు. కొనుగోలుదారు పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ జాకెట్టు, ఎంత బయానా ఇచ్చారు, ఎంత బాకీ, ఎప్పుడు ఇవ్వాలి, ఈ గళ్ళు చాలు. కరెంటు పోయినా, యాప్ పోయినా ఆ పుస్తకం పోదు. ఆ నంబరు గలవారిని కూడా మీ నంబరు తమ ఫోనులో భద్రపరచుకోమని అడగండి. వాట్సాప్‌లో ఒకేసారి అందరికీ పంపే సందేశం, మీ నంబరును భద్రపరచుకున్న వారికి మాత్రమే చేరుతుంది. ఈ చిన్న సంగతి తెలియక “రెండు వందల మందికి పంపాను, ఒక్కరూ పలకలేదు” అని నిరుత్సాహపడినవారిని చూశాను.

ఫొటోల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, తెల్లని గుడ్డ మీద పెట్టి తీయండి. రంగును మెరిపించే హంగులు వద్దు. ఫొటోలో చిలకపచ్చగా కనిపించి, చేతికి వచ్చేసరికి ముదురాకుపచ్చ అయితే పెళ్ళివారు ఊరుకోరు. మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి ఉందని గమనించి, ఆ తడిని పైన కనిపించేట్టు ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స.అ.స.) వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మీరు విన్నదే. ఫోను ఫొటో కూడా ఆ రాశి పై భాగం లాంటిదే. కుందన్లు అతికించినవా, కుట్టినవా, ఉతికితే జరీ నల్లబడుతుందా అన్నది ఫొటో కింద రెండు ముక్కల్లో రాయండి. ఇతరుల పేజీలోని డిజైను ఫొటోను తెచ్చి మీదిగా పెట్టవద్దు. అదే తరహా పని చేయగలమని చెప్పడం వేరు, అది మేమే చేశామని చెప్పడం వేరు. బొటిక్ కోసం కూలికి చేసిన పని ఫొటో మీరు పెట్టుకోవచ్చా లేదా అన్నది పని ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకోండి. కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి కోసం చేసిన దాన్ని పెట్టకండి. దాని బదులు మిగిలిన గుడ్డ ముక్కల మీద చేతి నమూనాలు కుట్టి ఉంచుకోండి. అవి పూర్తిగా మీవి.

చేతులు, సూది, కదిలే దారం ఇవి చూపే అర నిమిషం వీడియో ఎంతటి ప్రకటన కంటే బాగా పనిచేస్తుంది. చూసేవారికి ఇది యంత్రం పని కాదని అర్థమవుతుంది. యంత్రం ఎంబ్రాయిడరీతో ధరలో మీరు పోటీపడలేరు, పడవలసిన అవసరమూ లేదు.

ఇక లెక్క. ఈ మాటకు కాస్త చెవి ఒగ్గండి. అంకెలు ఊహించి చెబుతున్నాను, మీ అంకెలు మీరు వేసుకోండి. ఒక జాకెట్టుకు నలభై గంటల పని అనుకుందాం. ముడిసరుకు బొటిక్ వారే ఇచ్చి మీకు 1,500 రూపాయలు ఇస్తే గంటకు 37 రూపాయల 50 పైసలు. అదే మీరు నేరుగా 4,500కు ఒప్పుకున్నారనుకోండి. పూసలు, జరీ, కుందన్లకు 900, పెట్టె, కొరియరు 150 పోతే 3,450 మిగులుతుంది. కాని ఇప్పుడు నలభై గంటలు కావు. ఫొటోలు పంపడం, “ఇంకో రంగు చూపించండి” అన్నవారికి జవాబివ్వడం, కొలతలు సరిచూడడం, వీటికి కనీసం మరో ఆరు గంటలు. మొత్తం 46 గంటలు. గంటకు 75 రూపాయలు. రెట్టింపు. బాగుంది. అయితే పక్కవారు తక్కువకు ఇస్తున్నారని బేరానికి లొంగి వెయ్యి తగ్గిస్తే గంటకు 53కు పడిపోతుంది. జాకెట్టు వద్దని తిప్పి పంపితే కూలీ సున్నా, పైగా 1,050 చేతి నష్టం. అందుచేత సగం బయానా అందే వరకు గుడ్డ చట్రానికి బిగించవద్దు. ఈ నియమాన్ని మీ వాట్సాప్ పట్టికలోనే రాసి పెట్టండి. మొహమాటం మీ మీద పడదు, “మా దగ్గర పద్ధతి ఇది” అని చూపించవచ్చు. బొటిక్ పని పూర్తిగా వదులుకొమ్మని కూడా నేను చెప్పను. మొదటి ఏడాది నెలకు రెండు మూడు జాకెట్లు నేరుగా, మిగిలినది పాత పద్ధతిలో. ఇల్లు గడవాలి గదా.

డబ్బిచ్చి ప్రకటనలు వేయించడం, అనుచరులను కొనడం గురించి కొందరు అడిగారు. అనుచరులను కొనడం శుద్ధ దండుగ, కొన్నవారు జాకెట్లు కుట్టించుకోరు. ప్రకటన విషయానికి వస్తే, మీ ఊరి చుట్టుపక్కల ఇన్ని కిలోమీటర్ల వరకే అని హద్దు పెట్టి కొద్ది మొత్తంతో వేయవచ్చు. అయితే పట్టిక, ధరలు, ఇరవై మంచి ఫొటోలు సిద్ధం కాకముందు వద్దు.

మన కళ్ళు నెలవంక మీద ఉంటాయి. మన కొనుగోలుదారుల్లో అధికులు పంచాంగం చూస్తారు. రంజాన్‌కు ముందు బుర్ఖాలు, పిల్లల దుస్తుల ఫొటోలు పెట్టడం మనకు తెలుసు. కాని మగ్గం పనికి బేరం తెచ్చేది పెళ్ళి ముహూర్తాలు. శ్రావణంలో ముహూర్తాలు ఉంటే ఆషాఢంలోనే, ఇంకా ముందే ఫొటోలు కనిపించాలి. మూఢం వచ్చిందంటే రెండు మూడు నెలలు పెళ్ళిళ్ళు ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో నమూనాలు కుట్టుకోండి, పాత బాకీలు వసూలు చేసుకోండి. గోడకు ఒక తెలుగు క్యాలెండరు తగిలిస్తే చాలు, ఇది వ్యాపార జ్ఞానం. నాలుగు తరాలుగా పక్కపక్కన బతుకుతున్నవారి పండుగలు తెలిసి ఉండటం మంచిదే కూడా.

దీనితోనే ముడిపడిన బాధాకరమైన ప్రశ్న ఒకటి ఉంది. పేజీకి మన పేరు పెట్టుకుంటే బేరాలు పోవా అని యువకులు అడుగుతున్నారు. ఈ భయం గాలిలోంచి రాలేదు. 2020లో కరోనా తొలి రోజుల్లో మన కూరగాయల బండ్ల దగ్గర కొనవద్దని ఇవే ఫోన్లలో ప్రచారం జరిగింది. 2022లో కర్ణాటకలో కొన్ని ఆలయాల జాతరల్లో ముస్లిం వర్తకులకు దుకాణాలు ఇవ్వకుండా అడ్డుకున్నారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాఁవడ్ యాత్ర దారిలోని హోటళ్ళ యజమానులు తమ పేర్లు ప్రదర్శించాలని ఆదేశాలు వచ్చాయి. ఆ నెల 22న సుప్రీంకోర్టు వాటి మీద మధ్యంతర స్టే ఇస్తూ, ఏ ఆహారం వడ్డిస్తున్నారో తెలిపితే చాలునన్నది. పేరు చెప్పి తీరాలని ఒకరు బలవంతం చేయడం అన్యాయం. పేరు దాచుకోక తప్పని స్థితి కల్పించడం కూడా అంతే అన్యాయం. దుకాణానికి ‘ముత్యాల మగ్గం’ అనో ‘జరీ పువ్వు’ అనో పేరు పెట్టుకోవడం మీ ఇష్టం, వర్తకంలో అందరూ చేసేదే. కాని “మీ పేరేమిటమ్మా” అని కొనుగోలుదారు అడిగినప్పుడు ఉన్న పేరే చెప్పండి. లేని పేరు చెప్పి సంపాదించిన నమ్మకం మొదటి యూపీఐ చెల్లింపుతోనే బయటపడుతుంది, ఎందుకంటే ఖాతాదారు పేరు అక్కడ కనిపిస్తుంది. మతాన్ని చూసి వెనక్కి పోయేవారు కొందరుంటారు. కుట్టు చూసి ఉండిపోయేవారు ఎక్కువమంది అని నా అనుభవం చెబుతున్నది. పేజీ కింద ఎవరైనా దుర్భాష రాస్తే వాదనకు దిగకండి. దాన్ని ఫొటో తీసి భద్రపరచి, ఆ వ్యక్తిని నిరోధించండి. బెదిరింపు అయితే ఫిర్యాదు చేయండి. ఆ ఫిర్యాదుకు తోడు వెళ్ళడం ఈ సభలోని కార్యకర్తల బాధ్యత, ఆమెను ఒంటరిగా స్టేషనుకు పంపకండి.

ఆడపిల్లల ఫొటోల విషయంలో తల్లిదండ్రుల భయం కూడా నిరాధారం కాదు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ అనే పేర్లతో చదువుకున్న, గొంతెత్తిన మన ఆడపడుచుల ఫొటోలు తీసుకొని వేలం అంటూ నీచంగా ప్రదర్శించారు. అరెస్టులు జరిగాయి. అయినా గాయం గాయమే. దీనికి విరుగుడు ఆమె చేతిలోంచి ఫోను లాక్కోవడం కాదు. మగ్గం పని అమ్మడానికి ముఖం అవసరం లేదు, చేతులు చాలు. సొంత ఖాతా వేరు, వ్యాపార ఖాతా వేరు. పిల్లల బడి, ఇంటి గుమ్మం, వీధి పేరు ఫొటోలో పడకుండా చూసుకోవాలి. ముఖం చూపించాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం.

మోసాల గురించి క్లుప్తంగా. సైన్యంలో అధికారినని చెప్పి, ఇరవై జాకెట్లు కావాలని, డబ్బు పంపడానికి ఈ కోడు స్కాన్ చేయమని ఫోను వస్తుంది. డబ్బు రావడానికి స్కాన్ చేయనక్కర లేదు, పిన్ను కొట్టనక్కర లేదు. పిన్ను అడిగితే మీ డబ్బు పోతున్నట్టే. ఫోనుకు వచ్చిన ఆరంకెల సంకేతం ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. పంపామని చూపించే తెరచిత్రాన్ని నమ్మకండి, బ్యాంకు ఖాతాలో జమ చూసి సరుకు పంపండి.

చివరగా కాగితాలు, నా సొంత విద్య. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. రెండు వేలు, మూడు వేలు అడిగే దళారులను నమ్మవద్దు. జీఎస్టీ లేని అతి చిన్న వ్యాపారుల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అనే మార్గం కూడా తెరిచారు. నమోదైన చిన్న పరిశ్రమకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బాకీ పెట్టరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది. బొటిక్ వారు ఆరు నెలలు తిప్పుతుంటే ఈ కాగితం పట్టుకొని గట్టిగా అడగవచ్చు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పహచాన్ కార్డుకు జరీ, ఎంబ్రాయిడరీ పనివారు దరఖాస్తు చేసుకోవచ్చు. పచ్చళ్ళు, మసాలాలు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ నమోదు తప్పనిసరి, ఆ 14 అంకెల సంఖ్య సీసా మీద ఉండాలి. జీఎస్టీ సంగతి కొంత చిక్కు. వారి గుడ్డ మీద పని చేసి ఇస్తే అది సేవ, మీ గుడ్డతో తయారుచేసి అమ్మితే అది సరుకు. సరుకు రాష్ట్రం దాటితే నియమాలు మారతాయి, కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపులున్నాయి. బెంగళూరుకో చెన్నైకో మొదటి పార్సిలు పంపే ముందు ఖాతాలు చూసేవారిని ఒకసారి అడగండి.

నాకు కేటాయించిన సమయం దాటినట్టు అధ్యక్షులు చూపుతోనే తెలియజేస్తున్నారు. జొహర్ నమాజు, భోజనం అయిన తరువాత పక్క గదిలో ముగ్గురు విద్యార్థినులు రెండు కంప్యూటర్లతో కూర్చుంటారు. ఆధార్, బ్యాంకు పుస్తకం, మీ సొంత ఫోను తెచ్చుకున్నవారు అక్కడికి రండి. ఫోను భర్త జేబులో ఉన్నవారు ఇప్పుడే తీసుకోండి.